బత్తాయి బస్తాలూ, బంధువులూ పట్టే సెకండ్ హ్యాండ్ కారు ఎంచుకోవడం ఎలా?

మన దగ్గర కారు కొనేవాళ్లు ముందు మైలేజ్ అడుగుతారు, తర్వాత రంగు చూస్తారు. చాలామంది డిక్కీ తెరిచి చూసేది అడ్వాన్స్ ఇచ్చాకే. చెర్వుగట్టు అమావాస్యకో, కురుమూర్తి జాతరకో ఇంటిల్లిపాదీ బయలుదేరిన రోజు అసలు సంగతి బయటపడుతుంది. మనుషులు పట్టారు, సంచులు పట్టలేదు. మా ఇల్లు నల్గొండలో, బత్తాయి తోట దేవరకొండ వైపు. పదేళ్లలో మా ఇంటికి, అన్నదమ్ములకు, చెల్లెళ్లకు కలిపి ఏడు పాత బండ్లు దగ్గరుండి కొనిపించాను. అందులో ఒకదానితో బాగా దెబ్బతిన్నాను. అలాంటి దెబ్బ మీకు తగలకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. మీ చేతిలో నాలుగు లక్షలు ఉన్నాయనుకుందాం.

ముందు మీ సామాను లెక్క రాసుకోండి

ఏ మోడల్ అని అడగకముందే ఒక కాగితం తీసుకోండి. నెలలో ఎక్కువ రోజులు బండిలో ఎంతమంది కూర్చుంటారు? వెనక ఏం వేస్తారు? ఏ రోడ్డు మీద తిరుగుతారు? పండగకు ఒక్కసారి ఏడుగురు ఎక్కుతారని ఏడు సీట్ల బండి కొని, మిగతా రోజులంతా ఖాళీ సీట్లు మోసుకుని తిరిగేవాళ్లను చూశాను. ఆ ఒక్క రోజుకు కిరాయి బండి మాట్లాడుకున్నా ఖర్చు తక్కువే.

డిక్కీని కంపెనీలు లీటర్లలో చెబుతాయి. ఆ లెక్క మనకు చప్పున అర్థం కాదు. 25 కిలోల బియ్యం సంచి సుమారు 30 లీటర్ల చోటు తీసుకుంటుందని గుర్తుపెట్టుకోండి. 2012లో వచ్చిన మొదటి తరం మారుతి ఎర్టిగాలో మూడు వరుసలూ నిలబెడితే వెనక మిగిలేది 135 లీటర్లే. అంటే ఏడుగురు కూర్చున్నాక కాగితం మీద నాలుగు సంచులు, నిజానికి రెండు మూడు. మూడో వరుస మడిస్తేనే అది సామాను బండి. ఐదుగురికి మించి ఎక్కరు, సామాను మాత్రం దండిగా ఉంటుంది అంటే టయోటా ఇటియోస్ సెడాన్ చూడండి. దాని డిక్కీ 595 లీటర్లు. పెద్ద బండ్లు చాలావాటిలో కూడా అంత చోటు రాదు.

విదేశాల్లో ఈ అవసరానికి ఎస్టేట్ కార్లు వాడతారు. సెడాన్ లాగే ఉండి వెనక భాగం గూడులా పొడవుగా ఉంటుంది. మన దగ్గర కూడా మారుతి బాలెనో ఆల్ట్యూరా, టాటా ఇండిగో మెరీనా వచ్చాయి గానీ ఎక్కువ అమ్ముడుపోలేదు. ఇప్పుడు ఎక్కడైనా మెరీనా చవకగా కనిపించినా వద్దు. వెనక డోరు అద్దం పగిలితే ఇంకోటి దొరకబుచ్చుకోవడానికి హైదరాబాద్‌లో స్క్రాప్ దుకాణాలన్నీ తిరగాలి. ఆ స్థానంలో మనకు ఉన్నవి మారుతి ఎర్టిగా, మారుతి ఈకో, రెనో ట్రైబర్, పాత టయోటా ఇన్నోవా.

నా మాట అడిగితే, పల్లెకూ పట్నానికీ మధ్య తిరిగే కుటుంబానికి పెట్రోల్ ఎర్టిగా మొదటి చాయిస్. విడిభాగాలు మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో, సూర్యాపేటలో ఎక్కడైనా దొరుకుతాయి, మెకానిక్‌లకు దాని లోపలి సంగతులన్నీ తెలుసు. డీజిల్ ఎర్టిగాలో 1.3 లీటర్ల ఇంజన్ గట్టిదే, కానీ నెలకు 1,500 కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లకే అది లాభం. ట్రైబర్ 2019లో వచ్చింది. మూడో వరుస సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు, అప్పుడు 625 లీటర్ల చోటు వస్తుంది. ఇంజన్ మాత్రం 1 లీటరుదే కాబట్టి నిండా ఎక్కించి ఘాట్ ఎక్కితే ఆయాసపడుతుంది. ఈకో మోసుడు పనికి మంచిది, కానీ ముసలివాళ్లను కూర్చోబెట్టుకుని దూర ప్రయాణాలకు నేను చెప్పను. షెవర్లే ఎంజాయ్, డాట్సన్ గో ప్లస్ చాలా తక్కువకు వస్తాయి. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. ఆ చవక వెనక ఉన్న కారణం అదే.

ఇంకో మాట. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లన్నింటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. అంతకుముందు బండ్ల కింది వేరియంట్లలో అది ఉండకపోవచ్చు. ఎన్‌హెచ్ 65 మీదో 44 మీదో పిల్లలతో తిరిగేవాళ్లు అల్లాయ్ వీల్స్ కన్నా ఎయిర్‌బ్యాగ్, గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు జామ్ కాకుండా చూసే ఏబీఎస్ చూసుకోండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

డబ్బును రెండు భాగాలు చేయండి

నాలుగు లక్షలుంటే బండికి 3 లక్షల 40 వేలు దాటనివ్వకండి. మిగతా 60 వేలు టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్, పేరు మార్పిడి, మొదటి సర్వీస్‌కు. ఉన్నదంతా బండి మీదే పెట్టేస్తే మొదటి రిపేరుకే అప్పు చేయాల్సి వస్తుంది.

వెళ్లకముందే ఫోన్‌లో చూసుకోవాల్సినవి

బండి నంబర్ అడగండి. నంబర్ చెప్పడానికి నసిగేవాడి దగ్గరికి వెళ్లనే వద్దు. నంబర్‌ను ఎం పరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనర్, ఇన్సూరెన్స్ గడువు, బ్యాంకు లోన్ ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో అదే నంబర్ కొడితే పెండింగ్ జరిమానాలు వస్తాయి. ఒక బండికి పద్దెనిమిది చలాన్లు చూశాను, అన్నీ ఓవర్ స్పీడ్‌వే. ఇంజన్‌ను ఎలా వాడారో వేరే చెప్పాలా?

నంబర్ ప్లేటే సగం కథ చెబుతుంది. టీఎస్ 05 నల్గొండ, 06 మహబూబ్‌నగర్, 29 సూర్యాపేట, 31 నాగర్‌కర్నూల్, 32 వనపర్తి, 33 గద్వాల. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. మన జిల్లా బండి అయితే పాత ఓనర్‌ను వెతికి పట్టుకోవడం తేలిక, ఎవరో ఒకరికి తెలిసే ఉంటాడు. రాయచూరు నుంచి కేఏ బండ్లు, కర్నూలు నుంచి ఏపీ బండ్లు పాలమూరు వైపు తక్కువ ధరకు వస్తుంటాయి. ఢిల్లీలో పాత బండ్లపై ఆంక్షల వల్ల అక్కడి నుంచి కూడా తెస్తారు. వీటికి అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్ఓసీ), అంటే ఫారం 28 తేవాలి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చంతా కలిపితే చవక ఎక్కడికో పోతుంది.

రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 15 ఏళ్లకు ఆర్‌సీ గడువు అయిపోతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజే 5,000 రూపాయలు అయింది. కనీసం ఆరేడేళ్ల గడువు మిగిలిన బండే తీసుకోండి.

పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉండగా

నేను దెబ్బతిన్నది ఇక్కడే. 2017లో ఒక డీజిల్ ఏడు సీట్ల బండిని సాయంత్రం ఏడింటికి, ట్యూబ్‌లైట్ల కింద చూశాను. కడిగి, పాలిష్ కొట్టి, ఇంజన్ అప్పటికే వేడి చేసి పెట్టారు. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది, మురిసిపోయి బయానా ఇచ్చేశాను. ఇరవై రోజులకు శ్రీశైలం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో డ్యామ్ దగ్గరి నుంచి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. వెనక సీట్లో మా అమ్మ, చెల్లెలి పసిపిల్ల. సిగ్నల్ లేని అడవిలో మూడు గంటలు కూర్చున్నాం. రేడియేటర్ విప్పితే లోపల గొట్టాలన్నీ పాచిపట్టిన బోరు పైపులా తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. హెడ్ గ్యాస్కెట్ కూడా పోయింది, బిల్లు 38,000. డబ్బు పోయినందుకు కాదు, ఆ పసిదాన్ని ఎండలో కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మన జిల్లాల్లో ఇది మామూలుగా జరిగేదే. నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మాటే అందరికీ తెలుసు. అదొక్కటే కాదు, నీళ్లు గట్టివి. చాలామంది డ్రైవర్లు కూలెంట్ ఖర్చెందుకని ఆ నీళ్లనే రేడియేటర్‌లో పోస్తారు. నీళ్లు కాగే గిన్నె అడుగున తెల్లగా పొర కట్టినట్టే లోపలా కడుతుంది.

అందుకే అమ్మేవాడికి ముందు రోజే చెప్పండి, పొద్దున ఆరున్నరకు వస్తాం, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి తిరిగి రండి. చల్లగా ఉంటేనే రేడియేటర్ మూత, అది లేని బండ్లలో కూలెంట్ డబ్బా మూత తీయించండి. వేడి మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు, ముఖం కాలిపోతుంది. లోపల ఆకుపచ్చగానో, ఎర్రగానో, గులాబీ రంగులోనో శుభ్రంగా ఉంటే కూలెంట్ వాడారని. ఇటుక పొడి కలిపినట్టు ఉంటే తుప్పు. మూత అంచున సున్నం లాంటి తెల్ల పొర ఉంటే బోరు నీళ్లు. నూనె తేలుతుంటే ఇక ఆ బండి మాట మర్చిపోండి.

తర్వాత ఇంజన్ ఆయిల్ మూత తీసి దాని అడుగు చూడండి. మజ్జిగ నురుగులాంటిది అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయన్న అనుమానం పెట్టుకోవాలి.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు వెనక, సైలెన్సర్ దగ్గర నిలబడండి. చలి పొద్దున కాసేపు పలచగా తెల్ల ఆవిరి వస్తే ఫర్వాలేదు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. డీజిల్ బండి ఎక్సిలేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా నల్లగా కక్కితే ఇంజెక్టర్లనో, టర్బోనో చూపించాలి. చల్లని ఇంజన్ మొదటి క్షణాల్లో గొలుసు కొట్టుకున్నట్టు గలగలమంటే టైమింగ్ చైన్ సాగిందేమో అడగండి. వేడెక్కాక ఈ శబ్దాలు చాలావరకు మాయమవుతాయి. పొద్దున్నే వెళ్లమన్నది ఇందుకే.

తాళం తిప్పినప్పుడు మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు, ఇంజన్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అని అనుమానించండి.

వెనక భాగం అబద్ధం చెప్పదు

అందరూ ముందు బంపర్ చూస్తారు. సామాను బండికి వెనకే ముఖ్యం. డిక్కీలో కార్పెట్ పూర్తిగా పైకి లేపండి. స్టెప్నీ కింద ఉండే బండి అయితే మోకాళ్ల మీద కూర్చుని కింద చూడండి. రేకు అంచుల్లో కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరుసగా, ఒకే దూరంలో ఉంటాయి. అక్కడ అల పడినట్టు ముడతలు, చుక్కల బదులు అడ్డదిడ్డం అతుకు, కొత్తగా కొట్టిన నల్ల రంగు కనిపిస్తే వెనక నుంచి ఏ లారీయో గుద్దిందని అర్థం. టింకరింగ్ ఎంత బాగా చేసినా ఈ చోటు దాకా పాలిష్ పట్టేవాడు తక్కువ.

తర్వాత మూడో వరుస సీటు బెల్టు చివరి దాకా లాగండి. బెల్టు లోపలి భాగం మీద మట్టి గీత, ముక్కిపోయిన వాసన ఉంటే ఆ బండి నీళ్లలో మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరును ఆనుకున్న కాలనీలను వరద ముంచెత్తింది. అలాంటి బండ్లను కడిగి ఆరబెట్టి దూరపు ఊళ్లలో అమ్ముతారు. వైరింగ్‌లో తడి నెలల తర్వాత కష్టం పెడుతుంది. సీట్ల పట్టాల స్క్రూలు, డ్యాష్‌బోర్డు కింది కనెక్టర్లు తుప్పు పట్టాయా చూడండి. కారులో గుప్పుమని సెంటు వాసన కొడుతుంటే ఏం దాస్తున్నారో వెతకండి.

టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైంది. ఐదారేళ్లు దాటిన టైర్లయితే మన ఎండలకు పగుళ్లు వచ్చే ఉంటాయి, నాలుగు టైర్ల ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

మీటర్ ఎంత తిరిగిందో చూసి మురిసిపోకండి. మీటర్ తిప్పడం పెద్ద పనేమీ కాదు. 55,000 కిలోమీటర్లు అని చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ, డ్రైవర్ సీటు ఒక పక్కకు కుంగి ఉంటే ఆ లెక్క తప్పు. కంపెనీ షోరూమ్‌లో నంబర్ చెప్పి సర్వీస్ హిస్టరీ చూడాలి. ఓనర్‌ను వెంట తీసుకెళ్తే చూపిస్తారు. ఇటియోస్, ఎర్టిగా, ఇన్నోవా కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పసుపు ప్లేటు మీద క్యాబ్‌గా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకు మార్చిన బండ్లు చాలా ఉన్నాయి. అవి వద్దని కాదు, మూడు లక్షల కిలోమీటర్లు నడిచిన బండికి ఆ ధరే ఇవ్వాలి.

ట్రయల్ ఖాళీగా కొట్టకండి

ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని వెళ్లండి, కనీసం నలుగురిని. ఒక్కరే నడిపితే ఏ బండైనా బాగానే ఉంటుంది. కనీసం 20 కిలోమీటర్లు, నల్గొండ వాళ్లు నార్కట్‌పల్లి దాకా, మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల దాకా వెళ్లి రావచ్చు. సగం దారి ఏసీ ఫుల్‌లో పెట్టి నడపండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే మధ్యాహ్నం పూట ఇంకోసారి చూడండి. మూడో వరుసలో కూర్చున్నవాళ్లకు గాలి అందుతోందా అని వాళ్లనే అడగండి.

ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 స్పీడ్‌లో ఉండి ఎక్సిలేటర్ తొక్కండి. ఇంజన్ శబ్దం పెరిగి బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక గుడగుడ శబ్దం వస్తే షాకబ్జర్లు, బుష్‌లు పోయాయి. బరువు మోసిన బండ్లకు ఇది మామూలే, బాగు చేయించుకోవచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే టక్ టక్ అంటే యాక్సిల్ జాయింట్లు. చివరికి ఆపి, ఇంజన్ ఐడిలింగ్‌లో పది నిమిషాలు వదిలేసి టెంపరేచర్ ముల్లు పైకి పాకకుండా నిలబడిందా, ఫ్యాన్ తిరుగుతోందా చూడండి.

ఇవన్నీ చూశాక కూడా మీ మెకానిక్‌ను తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు. బండి కంప్యూటర్‌లో లోపాలు చదివే స్కానర్ ఉన్నవాడైతే ఇంకా మంచిది. ఆయన సగం రోజు పని పోతుంది కాబట్టి బండి కొన్నా కొనకపోయినా కూలి ఇస్తానని ముందే చెప్పండి. కొంటేనే డబ్బులు వస్తాయంటే ఆయన కూడా మొహమాటపడి కొనమనే చెబుతాడు.

సీఎన్‌జీ ఉన్న బండి అయితే ఆర్‌సీలో ఆ విషయం రాసి ఉండాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి నీళ్ల ఒత్తిడితో చేసే హైడ్రో టెస్ట్ సర్టిఫికెట్ ఉండాలి. సిలిండర్ డిక్కీని మింగేస్తుంది కాబట్టి మనం చూస్తున్న అవసరానికి అది పెద్దగా పనికిరాదు.

బేరం, పేరు మార్పిడి

మీరు రాసుకున్న లోపాలన్నీ ఒక్కొక్కటిగా ఖర్చుతో సహా చెప్పి బేరం చేయండి. గొంతు పెంచాల్సిన పని లేదు. బయానా ఐదు వేలకు మించి ఇవ్వకండి, దానికీ రసీదు రాయించుకోండి. మిగతాది బ్యాంకు ద్వారా కట్టండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పైగా రేపు గొడవ వస్తే నగదుకు సాక్ష్యం ఉండదు.

లోన్ ఉన్న బండి అయితే బ్యాంకు ఎన్ఓసీ, లోన్ తీరిందని చూపే ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. వాటి మీద అమ్మేవాళ్ల సంతకాలు మీ కళ్ల ముందే పెట్టించండి. ఆర్‌సీ ఒరిజినల్, రెండు తాళాలు తీసుకోండి. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడండి. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలతో బండి చేతులు మారుతూ పోయే అలవాటు మన దగ్గర ఎక్కువ. అది ఇద్దరికీ ప్రమాదమే. ఆర్‌సీలో పేరున్నవాడే ఓనర్, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అమ్మేవాళ్లు పేరు మార్చడానికి సాగదీస్తుంటే ఈ మాట వాళ్లకు చెప్పండి, వాళ్లే ముందుకొస్తారు.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోగా మీ పేరు మీదకు మార్చమని దరఖాస్తు పెట్టాలి. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనర్‌కు వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, బండితో రాదు, ఆ తేడా మీరు కట్టుకోవాలి.

బండి ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి, కూలెంట్ మొత్తం తీయించి డిస్టిల్డ్ వాటర్ కలిపిన కొత్తది పోయించండి. నిమ్మకాయలు తొక్కించడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే. అద్దం మీది పాత ఫాస్టాగ్ పీకేసి, దాన్ని మూయించమని పాత ఓనర్‌కు చెప్పి, మీ ఆర్‌సీతో కొత్తది తీసుకోండి. లేదంటే మీరు పంతంగి టోల్ దాటిన ప్రతిసారీ డబ్బులు ఆయన ఖాతాలో కట్ అవుతాయి, ఫోన్ మీకు వస్తుంది.